వృద్ధుల గదిలోని ఫ్రిజ్జు



నేటి ప్రసంగవిషయము వినుటకు మిక్కిలి చిన్నదిగా దోచును. అమెరికాలో వృద్ధులను పోషించు సంస్థలలో, వారి వారి గదులలో మంచము ప్రక్కన నుండు చిన్న ఫ్రిజ్జును గూర్చి చెప్పదలచితిని. నడుమంత యెత్తైన లేని యా పెట్టెలో ఏమి పెట్టవచ్చును, ఎన్నాళ్లు ఉంచవచ్చును, చెడినదానిని ఎవరు తీసివేయవలయును అను ప్రశ్నలు అచ్చటి ప్రభుత్వ నిబంధనలవరకు పోయినవి. అది మనకేల యని మీరడుగవచ్చును. మన గ్రామములనుండి పిల్లల వెంట సముద్రములు దాటిపోయిన తలిదండ్రులు కొందరు నేడు అట్టి గదులలో కాలము గడపుచున్నారు. వారి కొరకు ఆదివారమునాడు కోడలు తీసికొనిపోవు పులిహోర గిన్నె ఆ ఫ్రిజ్జులోనికే చేరుచున్నది.

మొదట పేరును గూర్చి ఒక మాట. మన పట్టణములలో నర్సింగు హోమనగా పురుళ్లు పోయుటకును చిన్న పెద్ద శస్త్రచికిత్సలు చేయుటకును వైద్యులు స్వంతముగా నడుపుకొను ఆసుపత్రి. అమెరికాలో ఆ పేరునకు అర్థము వేఱు. పక్షవాతము వలననో, మతిమరుపు వ్యాధి వలననో, కేవలము వార్ధక్యము వలననో ఒకరి సాయము లేక లేవజాలని వారు అచ్చటనే నివసించి, దాదులచేత రేయుంబవళ్లు సేవలు పొందు గృహమునకు ఆ దేశమున నర్సింగు హోమని పేరు. అట్టివి అచ్చట సుమారు 15 వేలు గలవు. వానిలో సుమారు 12 లక్షలమంది యున్నారు. వీరిలో ననేకులకు అది తుది నివాసము. కావున అచ్చటివారు వీరిని రోగులనక నివాసులని వ్యవహరింతురు. ఈ మాటలోని భేదము ముందు మనకు పనికివచ్చును.

నివాసి యన్నప్పుడు ఆ గది యాతని యిల్లు. 1987లో అమెరికా శాసనసభ చేసిన సంస్కరణ చట్టము వృద్ధులకు కొన్ని హక్కులను ప్రసాదించినది. తన వస్తువులను తన గదిలో నుంచుకొనుట, తన వారిని చూచుట వానిలోనివి. చోటు చాలినంత వఱకు, ఇతరుల ఆరోగ్యమునకు భంగము కలుగనంత వఱకు, వానిని సంస్థ కాదనరాదు. ఒకరు గోడకు దేవుని పటము తగిలించుకొందురు. వేఱొకరు కుర్చీ తెచ్చుకొందురు. సంస్థ నియమము లొప్పినచోట కొందరు చిన్న ఫ్రిజ్జును బెట్టుకొందురు. అందు పాలు, పండ్లరసము, కూతురు చేసిన పచ్చడి, మనుమడు తెచ్చిన మిఠాయి నుండును. సంస్థ వంటశాలలో నుప్పు కారములు తగ్గించి, వందమందికి ఒకే తీరున వండిన భోజనము సహింపని ముసలిప్రాణమునకు ఆ చిన్న పెట్టెయే ఇంటి రుచి. మన తెలుగు తల్లి, అందును మాంసము ముట్టని తల్లి, అట్టిచోట నున్నచో బిడ్డలు తెచ్చు నన్నమే ఆమెను నిలుపునని వేఱుగ జెప్పనక్కరలేదు. వృద్ధులు తిండి తగ్గి కృశించిపోవుట అచ్చటి వైద్యులను మిక్కిలి బాధించు సమస్య. ఈ పెట్టె యపాయకరమని, తీసిపాఱవేయుడని యెవరైన ననినచో వారు సగము సంగతియే యెఱిగినవారని నా యభిప్రాయము.

ఇక రెండవ సగము. ఫ్రిజ్జులో బెట్టినది చెడదని మనలో బలమైన నమ్మకము కలదు. అది నిజము కాదు. వేడి సూక్ష్మజీవులను చంపును. చలి వానిని చంపదు, మందగింపజేయును. అంతియే దాని శక్తి. తగిన తేమ, ఆహారము, వెచ్చదనము దొరకినప్పుడు సామాన్యమైన సూక్ష్మజీవి యొకటి యిరువది నిమిషములలో రెండగును. ఆ లెక్కన ఒకటి యేడు గంటలలో ఇరువది లక్షలు దాటును. 40 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా సుమారు 4 డిగ్రీల సెంటీగ్రేడునకు దిగువను ఈ జాతులలో పెక్కింటి పెరుగుదల దాదాపు నిలిచిపోవును. అచ్చటి సంస్థల వంటశాలలకు 41 డిగ్రీలు, అనగా 5 సెంటీగ్రేడు, హద్దుగా నేర్పరచిన కారణ మిదియే.

కాని చలిని లెక్కచేయని జీవి యొకటి కలదు. దాని పేరు లిస్టీరియా. 1926లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో ప్రయోగశాల కుందేళ్లు చనిపోవుచుండగా పరిశోధకులు దానిని కనుగొని ప్రకటించిరి. శస్త్రచికిత్సలో శుచిని నేర్పిన జోసెఫ్ లిస్టరను వైద్యుని గౌరవార్థము దానికి తరువాత ఈ పేరు పెట్టిరి. అది తిండి ద్వారమున మనుష్యులకు సోకునని స్పష్టముగ రుజువగుటకు మఱి యర్ధశతాబ్దము పట్టినది. 1981లో కెనడా తూర్పు ప్రాంతమున కొందరు గర్భిణులకును వృద్ధులకును ఈ జబ్బు వచ్చినది. కారణము వెదుకగా పచ్చి కోసుకూర తురుముతో చేసిన యొక వంటకము దొరకినది. ఆ కోసుకూరను పండించిన రైతు గొఱ్ఱెల యెరువు వేసినాడు. ఆ మందలో ఈ జబ్బుతో గొఱ్ఱెలు చచ్చినవి. ఆ పిదప కోసుకూరను శీతకాలమంతయు చల్లని కొట్టులో నిలువచేసినారు. తక్కిన సూక్ష్మజీవులు ఆ చలికి ముడుచుకొని యుండగా లిస్టీరియా యొక్కటియే తీరికగా పెంపొందినది. చెడకుండ నుంచుటకు చేసిన యేర్పాటే దానికి ఉపకరించినదన్నమాట.

దాని పెరుగుదల ఫ్రిజ్జులో నెమ్మదిగానే యుండును. సరియైన చలిలో దినమున్నరకో రెండు దినములకో ఒకటి రెండగునని స్థూలముగ చెప్పవచ్చును. దినమున్నర చొప్పున గట్టినచో మూడు దినములలో ఒకటి నాలుగగును. పదునైదు దినములలో వేయి దాటును. అదే ఫ్రిజ్జు సరిగా చల్లబడక 50 డిగ్రీల ఫారన్‌హీటు వద్ద నున్నచో దినములలో జరుగవలసినది గంటలలో జరుగును. కనుక చూడవలసినవి రెండు, ఎంత చల్లగా నున్నది, ఎన్ని నాళ్లుగా నున్నది. వండిన మిగులు కూరలను మూడు నాలుగు దినములకు మించి ఉంచవలదని అమెరికా వ్యవసాయశాఖ వారు గృహస్థులకు చెప్పు మాటకు ఆధార మిట్టి గణితమే.

మీలో ననుభవజ్ఞులు ఒక ఆక్షేపణ చేయవచ్చును. చెడిన యన్నము వాసనకు తెలియదా? మూత దీసి ముక్కు దగ్గర పెట్టుకొనిన మన తల్లులు చెప్పలేదా? చెప్పినారు, నిజమే. కాని వారు పట్టినది పాచి వాసన, పులుపు, జిగట. అవి కలిగించు సూక్ష్మజీవులు వేఱు, జబ్బు తెచ్చునవి వేఱు. జబ్బు తెచ్చునవి పెక్కుసారులు రంగు మార్చవు, వాసన పుట్టింపవు, రుచి చెడగొట్టవు. పూర్వము అన్నము బయటనే యుండెడిది. మంచిదియు చెడ్డదియు జంటగా పెరుగుచు, వాసన వేసెడి జాతి ముందుగనే హెచ్చరిక చేసెడిది. ఫ్రిజ్జు ఆ హెచ్చరిక చేయు జాతిని నిద్రపుచ్చి లిస్టీరియాను మేలుకొలిపి యుంచును. పైగా డెబ్బదియేండ్లు దాటిన ముక్కునకును నాలుకకును మునుపటి చుఱుకుదనము ఉండదు. కంటిచూపు తగ్గినవారికి పెట్టెమీది చిన్న యక్షరములలోని తేది కనబడదు. మతిమరుపు వ్యాధి గలవారికి ఈ గిన్నె నిన్నటిదో క్రిందటి మాసపుదో తెలియదు.

శరీరమునుగూడ చూడుడు. మన కడుపులోని యామ్లము కావలివాని వంటిది, తిండితో లోనికి వచ్చు క్రిములను చాలవఱకు అచ్చటనే చంపును. వయస్సుతో ఆ యామ్లము కొందరిలో తగ్గును. గుండెమంటకని ఓమిప్రజోలు వంటి మాత్రలు నిత్యము మ్రింగువారిలో నింకను తగ్గును. ప్రేగుల కదలిక మందగించును. రోగనిరోధక శక్తి క్షీణించును. యువకుడు రెండు దినములు విరేచనములై లేచి కూర్చుండునట్టి జబ్బు ముసలివారిని నిర్జలులను చేసి మంచము పట్టించును. లిస్టీరియా నెత్తురులోనికిని మెదడు పొరలలోనికిని చొరబడగలదు. అట్లు తీవ్రముగ సోకినవారిలో అయిదుగురి కొకరు చొప్పున మరణింతురని వైద్యుల లెక్క. ఇంకొక మోసము కలదు. తిన్న నాటికిని జబ్బు బయటపడు నాటికిని నడుమ కొన్ని వారములు, ఒకప్పుడు డెబ్బది దినములు కూడ పట్టును. జ్వరము, తలనొప్పి, మాట తడబాటు, మనసు కలత, ఇవి దాని లక్షణములు. ఎనుబదియేండ్ల వానికి మనసు కలత గలిగిన “వయస్సు మీరినది గదా” అని యూరకుండు వారే యెక్కువ. రెండు మాసముల క్రిందట తిన్న ఫలహారమును ఎవరు జ్ఞప్తియందుంచుకొందురు?

2011లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రమునందు పండిన కర్బూజ పండ్ల వలన 28 రాష్ట్రములలో 147 మంది ఈ జబ్బు పడిరి. 33 మంది మరణించిరి. వారిలో హెచ్చుమంది వృద్ధులు. కర్బూజ పండు పుల్లనిది కాదు. దాని గరుకు తొక్కమీద నున్న క్రిమి, కత్తితో కోసినప్పుడు లోని గుజ్జునకు అంటును. కోసిన ముక్కలు మెత్తగా, పండ్లు లేనివారికి తినుటకు వీలుగా నుండుటచేత ముసలివారి కొఱకే తెచ్చి ఫ్రిజ్జులో పెట్టుదురు. తిరిగి 2025 ఫిబ్రవరిలో అచ్చటి ప్రభుత్వము వేఱొక సంగతి ప్రకటించినది. బలహీనులకు బలము చేకూర్చుటకని ఆసుపత్రులలోను వృద్ధుల సంస్థలలోను ఇచ్చుచుండిన గడ్డకట్టించిన పాల పానీయముల వలన 38 మందికి లిస్టీరియా సోకగా అప్పటికి 12 మంది చనిపోయిరని తెలిపిరి. ఆ జబ్బులు 2018 మొదలు అప్పుడప్పుడు వచ్చుచునే యుండినవి. ఇది కోడలు తెచ్చిన గిన్నె తప్పు కాదని మీరు గమనింతురు గాక. యంత్రాలయములలో తయారైన దానియందును అపాయముండును. ఇంటినుండి తెచ్చినదే మురికియని సంస్థలవారు ముక్కు విఱుచుట నాకు న్యాయముగ దోచదు.

నిబంధన ఏమనుచున్నదో చెప్పెదను. 1991 తరువాత మొదటిసారిగా ఈ సంస్థల నియమములనెల్ల సంస్కరించి 2016లో అమెరికా ప్రభుత్వము క్రొత్తవి ప్రకటించినది. బంధువులును ఇతర సందర్శకులును నివాసులకు తెచ్చు నాహారముల వాడుకను, నిలువను గూర్చి ప్రతి సంస్థయు నొక విధానమును వ్రాసి యుంచుకొనవలెననియు, అవి శుచిగా నిలువచేయబడి నిరపాయముగ తినబడునట్లు చూడవలెననియు అందు కలదు. బయటి తిండి తేవద్దని యనలేదు. పైపెచ్చు, నివాసి స్వయముగ తీసికొని తినలేనిచో సంస్థ సాయపడవలయునని ఆ నిబంధనకు వివరణములో నున్నది. తెచ్చినవారికి శుచి నియమములు బోధించుట, సంస్థ యాహారముతో కలియకుండ వేఱుగ నుంచుట, తిరిగి వేడిచేయునప్పుడు జాగ్రత్తపడుట, ఇవన్నియు సంస్థ భారమే.

కాగితముమీద నున్నది గదిలో నుండుట వేఱు. పదునైదు మాసములు దాటకుండ ఒక్కొక్క సంస్థను పరీక్షించుటకు ప్రభుత్వోద్యోగులు వత్తురు. వారి నివేదికలలో తఱచుగ కనబడు సంగతులు ఇవి: ఫ్రిజ్జులో తాపమాపకము లేదు, ఉన్నను తలుపుమీది పట్టికలో వారము దినముల గడులు ఖాళీ, గిన్నెలమీద పేరు లేదు, తేది లేదు, పాలడబ్బా గడువు దాటి పది దినములైనది. ఎవరు చూడవలయునని యడిగిన దాది ఊడ్చువాని చూపును, ఊడ్చువాడు వంటశాలను చూపును, వంటశాల బంధువులను చూపును. కొన్నిచోట్ల ఫ్రిజ్జు తెచ్చినప్పుడే “దీని పూచీ మాదే” యని బంధువులచేత చేవ్రాలు చేయించుకొందురు. ఆ బంధువు మున్నూఱు మైళ్ల దూరమున నుండి మాసమున కొకసారి వచ్చువాడు కావచ్చును. మంచముమీది వృద్ధురాలు తేది యేమో చెప్పలేని స్థితిలో నుండవచ్చును. అట్టిచోట పూచీ కాగితములోనే యుండిపోవును. దినమున కొకసారి గదిలోనికి వచ్చు నుద్యోగి యొకని పేరు వ్రాసి, ఈ గది ఫ్రిజ్జు ఈతని పని యని నిర్ణయించినగాని ఇది చక్కబడదు. పట్టికలో మాసము పొడుగునను ఒకే చేతివ్రాత, ఒకే సంఖ్య కనబడినచో అదియు అనుమానింప దగినదే. నిజమైన ఫ్రిజ్జు ప్రతిదినము ఒకే యంకె చూపదు.

ఆ చిన్న ఫ్రిజ్జు స్వభావమును గూడ తెలిసికొనవలయును. పెద్దదానివలె అందు చలి యన్ని మూలలకు సమముగ ప్రసరింపదు. పై యఱలో మంచు గడ్డకట్టు పళ్లెము క్రింద మిక్కిలి చల్లగా నుండును. తలుపు బీరువాలో వెచ్చగా నుండును. పాలసీసా నిలుచుటకు తలుపులోనే చోటు చేసినారు గాని పాలకది తగిన చోటు కాదు. పాలు, పెరుగు, వండిన కూరలు నడిమి యఱలో వెనుక వైపున నుండవలెను. తలుపులో నీటిసీసా, ఊరగాయ వంటివి చాలును. మంచు మందముగ పేరుకొన్నచో చలి తగ్గును, దానిని కరగించి తుడువవలెను. గిన్నెలు క్రిక్కిఱిసియున్నను గాలియాడక చలి తగ్గును. గిఱ్ఱున త్రిప్పు మీటమీద ఒకటి రెండు మూడని యున్న యంకెలు డిగ్రీలు కావు. తాపమాపకము వేఱుగ కొనవలయును. దాని వెల స్వల్పము. దానిని నడిమి యఱలో నొక గ్లాసు నీటిలో నుంచి, మఱునాటి యుదయమున తలుపు తీసిన వెంటనే చూడవలయును. గాలిని కొలిచినచో తలుపు తీసిన ప్రతిసారియు అంకె గంతులు వేయును, నీరు నిలకడగా నుండును.

ఇప్పుడు మన గిన్నెను గూర్చి. మన వంటలన్నియు ఒక్క తీరువి కావు. ఈ విషయమున మన పూర్వులు అనుభవముచేత తెలిసికొన్నది నేటి శాస్త్రమునకు చాలవఱకు సరిపోవుచున్నది. పులుపు, ఉప్పు, నూనె, నీరు లేమి, ఈ నాలుగును మనకు కాపుదలలు. ఆవకాయలో పుల్లని మామిడి, ఉప్పు, ఆవపిండి యుండుటచేత హానిచేయు జాతులు పెరుగజాలవు. తడిచేయి పెట్టరాదను మన యింటి కట్టుబాటు దాని ప్రాణము. నీటిబొట్టు పడినచోట ఉప్పు పలుచనై బూజు పుట్టును. గదిలోని తల్లికి ఊరగాయ తీసికొనిపోవువారు పెద్ద జాడీ కాక చిన్న సీసాయు, పొడి చెంచాయు ఇచ్చి రావలెను. గుండెజబ్బునకు ఉప్పు తగ్గింపుమని వైద్యుడు చెప్పియున్నచో ముందుగ దాదితో మాటాడవలెను, ఆ సంగతి వేఱు. అరిసెలు, జంతికలు, సున్నుండలు పొడివి, మూతగల డబ్బాలో బయటనే యుండదగినవి. వానిని ఫ్రిజ్జులో గుక్కి పాలకు చోటు లేకుండ చేయుట పొరపాటు. చింతపండు పులిహోర పులుపుచేత కొంత నిలుచును గాని, “పులిహోర చెడదు” అను ధీమా పనికిరాదు. అది వండిన యన్నమే.

ఏలనన వండిన యన్నములో మఱియొక శత్రువు కలదు. బియ్యముమీద నుండు బాసిల్లస్ సీరియస్ అను జీవి తన చుట్టు గట్టి పెంకు వంటిది కట్టుకొని యుడుకునకు చావక మిగులును. అన్నము గోరువెచ్చగా గంటల తరబడి యుండునప్పుడు అది మేలుకొని విషము నూరును. ఆ విషము తిరిగి వేడిచేసినను పోదు. అట్టి యన్నము తిన్నవారికి కొన్ని గంటలలోనే వాంతులగును. కనుక అన్నమునకు రక్షణ వండుటలో కాక, త్వరగా చల్లార్చుటలో నున్నది. లోతైన గిన్నె నిండ దద్దోజనము చేసి వేడివేడిగా ఫ్రిజ్జులో త్రోసినచో అంచులు చల్లబడును గాని నడుమ చాల గంటలు వెచ్చగానే యుండును. పళ్లెములో పలుచగా పఱచి యార్చి, చిన్న చిన్న డబ్బాలలోనికి దీసి, రెండు గంటల లోపున చలిలో చేర్చవలెను. ఆ రెండు గంటలలోనే కారు ప్రయాణమును లెక్కకు వచ్చును. గంట దూరము పోవువారు మంచుగడ్డ సంచిలో పెట్టి తీసికొనిపోవుట మేలు. ముద్దపప్పు, కొబ్బరి పచ్చడి, పాలు పోసిన పరమాన్నము, ఉడికించిన కూరలు త్వరగా చెడునవి. అమెరికా వారి తిండిలో కోసి యమ్మెడు చల్లని మాంసపు బిళ్లలు, మెత్తని జున్నులలో కొన్ని, పొగబెట్టిన చేపలు ఈ తరగతిలోనివే. అట్టి మాంసమును ఆవిరులు వచ్చునట్లు వేడిచేసి గాని వృద్ధులు తినరాదని అచ్చటి వైద్యశాఖ హెచ్చరించును.

తిరిగి వేడిచేయుటకు మైక్రోవేవు పెట్టె నుపయోగింతురు. అది యొకచోట కాలునట్లు, ఒకచోట చల్లగా చేయును. నడుమ కలిపి, 165 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా 74 సెంటీగ్రేడు దాక వేడి యెక్కించి, రెండు నిమిషములు మూతతో నుంచవలెను. ఆ వెంటనే నోట బెట్టినచో ముసలి నాలుక పొక్కును. కావున ఈ పని వృద్ధులకు వదలక దాదులే చేసి, ఆర్చి ఈయవలెను.

డబ్బామీద నివాసి పేరు, లోపలి వస్తువు పేరు, తెచ్చిన తేది పెద్ద యక్షరములతో వ్రాయవలెను. వస్తువు పేరు ఇంగ్లీషులో నుండుట మఱువరాదు. గోంగూర పచ్చడిని చూచి చెడిన యాకుకూర యని పాఱబోయు దాదిని నిందింప పనిలేదు, ఆమె యెన్నడును గోంగూరను చూడలేదు. మ్రింగుట కష్టమైనవారికి గట్టి పదార్థము పెట్టరాదు గనుక ఆ సంగతియు ముందే తెలిసికొనవలెను. ప్రక్క మంచము వారికి ప్రేమతో పంచుట మన యాచారమైనను, వారి పథ్యము మనకు తెలియదు.

ఇక మిక్కిలి సున్నితమైన సంగతి పాఱవేయుట. పేదతనములో పెరిగినవారు అన్నము పాఱవేయజాలరు. మధ్యాహ్నపు పళ్లెములోని రొట్టె సగము, పాలపొట్లము రుమాలులో చుట్టి ఫ్రిజ్జులో దాచుకొను వృద్ధులు ప్రతి సంస్థలోను గలరు. అది మతి చెడుట కాదు. రేపటికి లేకపోవునేమో యను పాతభయము. ఆమె నిద్రించుచుండగా తలుపు తీసి యన్నియు చెత్తబుట్టలో వేసినచో శుచి నియమము పాటింపబడును గాని, మేల్కొని ఖాళీ యఱను చూచిన యామె మనస్సు ఎట్లుండును? తన యింటిలో దొంగలు పడినట్లుండును. మఱునాటినుండి ఆమె పరుపు క్రింద దాచును, అచ్చట చలియును ఉండదు, తేదియును ఉండదు. ఆమె యెదుట తలుపు తీసి, “ఇది బుధవారముది, ఇది చెడినది, దీనికి బదులు క్రొత్త పాలు తెచ్చితిని” అని చెప్పి, ఆమె చేతికి క్రొత్తది యిచ్చి పాతది తీసికొనుటకు అయిదు నిమిషములు హెచ్చుగా పట్టును. ఆ యైదు నిమిషములు దాది పనిలో భాగముగ లెక్కింపని సంస్థలో తక్కిన పట్టికలెన్ని యున్నను ఫలము తక్కువ.

బంధువులకు నేను చెప్పునది సులభము. వారమునకు సరిపడ వండి నింపి రావలదు. ఒక పూటకు సరిపడునంత తీసికొనిపోయి, తల్లితో కూర్చుండి కలిసి తిని, మిగిలినదానిని తిరిగి యింటికి తెచ్చుకొనుడు. వచ్చినప్పుడెల్ల మొదట ఫ్రిజ్జు తలుపు తీసి, తాపమాపకమును తేదులను చూచి, తడిగుడ్డతో తుడిచి పిదప మాటలకు కూర్చుండుడు. తల్లి ముచ్చటలాడుచు చూచుచుండగా ఆ పని యామెకు పరాయిదిగా తోచదు.

పిల్లలు దూరమున నుండగా ఒంటిగ నున్న వృద్ధ దంపతుల వంటయింటి ఫ్రిజ్జు మన గ్రామములలోను ఇట్టిదే. మనకు విద్యుత్తు పోవుట గూడ కలదు. తలుపు తెఱవకున్నచో ఫ్రిజ్జు నాలుగు గంటల వఱకు చలిని నిలుపుకొనును. అంతకు మించిన పాలను, వండిన కూరలను తిరిగి చల్లబడినవి గదా యని యుంచుకొనరాదు. పిల్లల వద్దకు నెలల తరబడి పోవువారు ఫ్రిజ్జును ఖాళీచేసి, ఆపి, తలుపు తెఱచి పోవుట మంచిది. నాలుగు దినముల కొఱకు ఊరికి పోవువారికి ఒక యుపాయము కలదు. ఒక గ్లాసు నీటిని పై యఱలో గడ్డకట్టించి, గడ్డమీద రూపాయి నాణెము పెట్టి పోవుడు. తిరిగివచ్చినప్పుడు నాణెము పైననే యున్నచో మంచు కరుగలేదు. గ్లాసు అడుగున గడ్డలో చిక్కుకొనియున్నచో, మీరు లేనప్పుడు కరెంటు చాలసేపు పోయి తిరిగి వచ్చినదన్నమాట.